మొదటి కన్ను

పోయినవారం మా ఊళ్లో ఒక కంటి డాక్టరుగారికి సన్మానం జరిగింది. రిటైరై చాలా ఏళ్లయినా ఇంకా రోగుల్ని చూస్తూనే ఉన్న పెద్దాయన. వక్తలందరూ ఆయన ఎన్ని వేల ఆపరేషన్లు చేశారో చెప్పారు. ఒకరి లెక్కకూ మరొకరి లెక్కకూ పొంతన లేదు. ఆయన చేతుల్లో ఆ ఆపరేషను ఎలా మారుతూ వచ్చిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. శాలువా ఎందుకు కప్పుతున్నామో చెప్పి కప్పాలనీ, ఆ కప్పేదేదో మనిషికి ఓపికుండగానే కప్పాలనీ ఇక్కడ చాలాసార్లు రాశాను. మళ్లీ రాస్తున్నాను.

చెప్పడం కష్టమేమీ కాదు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన పద్ధతినే తీసుకోండి. కంట్లో సున్నమో యాసిడో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి, చూపు పోతుంది. అంతకుముందు బాగున్న కంటినుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో కణాలు పెంచి, ఆ తర్వాత దెబ్బతిన్న కంటికి అతికేవారు. వీళ్లు ఆ ముక్కనే ఇంకా సన్నగా తరిగి, ఉమ్మనీటి సంచి పొరమీద జిగురుతో అంటించి, కంటిమీదే పెరగనిచ్చారు. ల్యాబ్ అవసరమే లేకుండా పోయింది. వేదికమీద రెండు నిమిషాల మాట ఇది.

ఆలస్యపు గౌరవం అనగానే నాకు గుర్తొచ్చేది లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పులు పగిలి, ఆ పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ పెంకులు పైలట్ల కళ్లలో దిగబడ్డాయి. వాటిని కన్ను భరిస్తోందని రిడ్లీ గమనించాడు. శుక్లం తీసేసిన చోట ఆ ప్లాస్టిక్‌తోనే లెన్సు చేసి పెడితే ఏమని ఆలోచించాడు. 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో పెట్టాడు. 1951లో తోటి డాక్టర్లకు బయటపెడితే పెద్దపెద్దవాళ్లు ముఖం తిప్పుకున్నారు. కంట్లోంచి తీసేయడమే గానీ బయటి వస్తువును లోపల పెట్టడమేమిటని వాళ్ల అభ్యంతరం. ఆయనకు సర్ బిరుదు వచ్చింది 2000లో. అప్పటికి 93 ఏళ్లు. మరుసటి ఏడాదే పోయాడు.

ఆ లెన్సు లేకపోతే ఎలా ఉంటుందో నేను మా నాయనమ్మ దగ్గర చూశాను. హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. బెంచీలు వరండాలోకి చేరేసి, గదుల్లో వరిగడ్డి పరిచి, మీద దుప్పట్లు వేశారు. కట్లు కట్టిన కళ్లతో అందరూ వరసగా వెల్లకిలా పడుకున్నారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. తల తిప్పకూడదు, దగ్గకూడదు. అమ్మ జావ కాచి తెచ్చి చెంచాతో పోసేది. కొన్ని వారాలకు సోడాబుడ్డి కళ్లజోడు వచ్చింది. అది పెట్టుకుని నన్ను చూసి, “ఇంత పొడుగైపోయావేంట్రా!” అంది నాయనమ్మ. అందరం నవ్వాం. కంట్లో ఉండాల్సిన లెన్సును ముక్కుమీద పెడితే ప్రతిదీ పావువంతు పెద్దగా కనిపిస్తుందని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. ఆవిడ చారు గిన్నెలో పోయబోయి పక్కన పోసేది. అరుగు దిగబోయి గాల్లో కాలు వేసేది. పక్కనుంచి వచ్చే సైకిలు కనపడేది కాదు, ఉన్నట్టుండి ఎదట ఊడిపడేది. జోడు పగిలితే మళ్లీ చీకటే. అందుకని రాత్రిళ్లు దాన్ని గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకునేది. చూపు వచ్చిందని ఊరంతా చెప్పుకుంది గానీ, ఆవిడ మళ్లీ ఒంటరిగా గుడికి వెళ్లగా నేను చూడలేదు.

ఆమె శిబిరంలో పడుకునేనాటికి రిడ్లీ లెన్సు పుట్టి పాతికేళ్లు. అందుకే ఆయన్ను అడ్డుకున్నవాళ్లంటే నాకు కోపం. ఈ వారం ఆ కోపంతోనే కూర్చుని, ఆ తొలినాళ్ల సంగతులు మళ్లీ చదివాను. కోపం నిలవలేదు.

ఆ మొదటి రోగి 45 ఏళ్ల స్త్రీ. రిడ్లీ సహజమైన కటకం వంపునే నమూనాగా తీసుకున్నాడు. ప్లాస్టిక్ వెలుతురును అంతకంటే గట్టిగా వంచుతుంది. దాంతో ఆమెకు విపరీతమైన మైనస్ పవరు వచ్చింది, దూరపు చూపు అందలేదు. తర్వాతి రోగుల్లో కొందరికి ఆ బరువైన లెన్సు జారి కంటి వెనక్కి పడిపోయింది. 1950లలో మరికొందరు డాక్టర్లు కనుపాప ముందు లెన్సు పెట్టే పద్ధతి మొదలుపెట్టారు. మొదట్లో అంతా బాగుందనుకున్నారు. కొన్నేళ్లకు నల్లగుడ్లు మసకబారి, పెట్టిన లెన్సులు చాలావాటిని తీసేయాల్సి వచ్చింది. వాటికి మొదటి ఏడాదే శాలువా కప్పి ఉంటే, ఆ చప్పట్లు విని ఇంకెందరు కళ్లు అప్పగించేవారో! కంటి విషయంలో ఆలస్యం అన్యాయం కాదని ఇప్పుడు నాకనిపిస్తోంది. పదేళ్లాగి అదే కంటిని మళ్లీ చూడందే ఆ పని మంచిదో కాదో తేలదు.

ఆగకూడనిది మాత్రం ఒకటుంది. ఏమవుతుందో డాక్టరుకే తెలియని రోజుల్లో బల్లమీద పడుకున్నవాళ్ల మాట. కొత్త పద్ధతి గురించి చెప్పే ప్రతిచోటా, ఎన్ని కళ్లకు చూపు వచ్చిందన్న దాని పక్కనే, తొలిరోజుల్లో ఎందరికి బెడిసికొట్టింది, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు అన్నదీ చెప్పాలి. ఇప్పుడు శుక్లం ఆపరేషనుకు ముందు కన్ను పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, ఎంత పవరు లెన్సు సరిపోతుందో లెక్కగడతారు. ఆ లెక్క అవసరమని మొదట తెలిసింది ఆ లండన్ స్త్రీ కంట్లోనే. ఎనభై దాటాక రిడ్లీకీ శుక్లాలు వచ్చాయి. అదే సెయింట్ థామస్ ఆసుపత్రిలో రెండు కళ్లకూ లెన్సులు పెట్టించుకున్నాడు. ఆమె నాటికి లేని కొలతలు ఆయన నాటికి ఉన్నాయి.