పోలీసు రిజిస్టరూ, అఫిడవిట్టూ

మన కథల్లోకి హిజ్రా ఎక్కువగా జాలి కోసమో, నవ్వు కోసమో వస్తుంది. నోరు విప్పినా రచయిత మాటలే పలుకుతుంది. వస్తువు కొత్తదైనంత మాత్రాన దృక్పథం కొత్తది కాదు. ఈ విషయంలో కొందరు న్యాయవాదులు మన కథకుల కంటే ముందున్నారని నా అభిప్రాయం. కోర్టు పాలకవర్గ సాధనమనే మిత్రులకు ఈ మాట రుచించకపోవచ్చు.

నిజాం కాలం నాటి 1329 ఫసలీ చట్టం హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టమన్నది. అందులోకెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయినా చట్టం పోలేదు. 2018లో దాఖలైన వ్యాజ్యం మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

రిజిస్టరు కూడా ఒక రచనే. అందులో మనిషిని గురించి రాసేది ప్రభుత్వం. అఫిడవిట్టులో చెప్పేది ఆ మనిషే. న్యాయవాదులు మార్చింది ఈ కర్తనే. 377వ సెక్షను మీద నాజ్ ఫౌండేషన్ 2001లో వేసిన పిటిషన్ను ఢిల్లీ హైకోర్టు 2004లో వ్యాజ్యకారణం లేదని తోసేసింది. 2006లో సుప్రీంకోర్టు మళ్లీ విచారించమన్నాక, 'వాయిసెస్ ఎగైనెస్ట్ 377' బాధితుల అఫిడవిట్లతో వచ్చి కలిసింది. 2009 తీర్పులో 2004 నాటి బెంగుళూరు హిజ్రా కనబడుతుంది. గూండాల అత్యాచారం తర్వాత ఆమెను స్టేషనుకు తీసుకుపోయి, బట్టలూడదీసి, కిటికీకి బేడీలేసి హింసించారు. ఇలాంటి వాంగ్మూలం కోర్టు గదిలో పుట్టదు. బయట ఎవరో ఓపికగా కూర్చుని వినాలి. బెంగుళూరు న్యాయవాది అరవింద్ నారాయణ్, గౌతమ్ భాన్‌తో కలిసి 2005లో 'బికాజ్ ఐ హావ్ ఎ వాయిస్' సంకలనం తెచ్చింది ఆ వినికిడి నుంచే అనుకుంటాను.

2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేస్తూ, నూటయాభై ఏళ్లలో శిక్షకు గురిచేయజూసింది రెండు వందల మందినైనా కాదంది. మనిషి మళ్లీ అంకె అయిపోయాడు! 2016లో నర్తకుడు నవ్‌తేజ్ జోహార్ సహా ఐదుగురు సొంత పేర్లతో వచ్చారు. 2018లో గెలిచారు.

అయితే అఫిడవిట్టుకు గాయమే కావాలి. ఇద్దరు కలిసి బతకటంలోని అలకలు, అప్పులు, వంటింటి తగాదాలు అందులో ఇమడవు. 2023 అక్టోబరులో ఆ కాపురానికి పెళ్లి హక్కు ఇవ్వటానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు కూడా. కథకుడికి మిగిలిన చోటు ఆ కాపురమే. మనవాళ్లేమో ఇంకా స్టేషను సీనే రాస్తున్నారు.