‘దేశము లేని మనిషి’ – ఒక జరుగని చరిత్ర

జరిగినదానిని చెప్పువాడు చరిత్రకారుడు, జరుగనిదానిని నమ్మించువాడు కథకుడు. ఈ రెండు పొలములకు నడుమ గట్టుమీద నిలిచిన చిన్న కథ యొకటి ఆంగ్లమున కలదు. ఎడ్వర్డ్ ఎవరెట్ హేల్ 1863 డిసెంబరులో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికయందు తన పేరు లేకుండ ప్రకటించిన ‘దేశము లేని మనిషి’ అది. దీనికి ఆధారము ఆరన్ బర్ కుట్ర.

బర్ అమెరికా ఉపాధ్యక్షుడుగా ఉండగనే 1804 జులై 11న అలెగ్జాండర్ హామిల్టన్‌ను ద్వంద్వయుద్ధములో కాల్చినాడు. మరునాడు హామిల్టన్ మరణించినాడు. పదవి పోయిన పిదప బర్ ఒహాయో, మిసిసిపీ నదుల వెంట తిరిగి మనుషులను కూడగట్టినాడు. పడమటి ప్రాంతమును చీల్చుటకో, స్పెయిను ఏలుబడిలోని మెక్సికోపై దండెత్తుటకో, పండితులు నేటికీ ఏకమాట చెప్పలేదు. బ్రిటిషు రాయబారి ఆంథొనీ మెర్రీని అతడు ధనమును, నౌకలను అడిగినమాట మాత్రము నిజము. అతని ముఖ్య సహాయుడు జనరల్ జేమ్స్ విల్కిన్సన్. ఈయన పైకి అమెరికా సైన్యాధిపతి, లోలోపల స్పెయిను సొమ్ము తినువాడు. ఇట్టి మిత్రుడుండగా వేరే శత్రువులేల? 1806లో అతడే అధ్యక్షుడు జెఫర్సన్‌కు జాబు వ్రాసి గుట్టు బయటపెట్టినాడు. 1807లో రిచ్మండులో విచారణ జరిగినది. రాజద్రోహమునకు ఒకే బహిరంగ చర్యను చూచిన ఇద్దరు సాక్షులు కావలెనని రాజ్యాంగము. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ నియమమును సడలనీయలేదు, బర్ బయటపడినాడు.

పెద్దచేపలు వల తప్పించుకొనగా చిక్కిన చిన్నచేప హేల్ కల్పించిన ఫిలిప్ నోలన్. బర్ మాటలకు మురిసిన ఈ పడుచు సైనికోద్యోగి, విచారణలో కోపము పట్టలేక, తన దేశపు పేరే ఇక వినబడకుండు గాక యని శపించుకొనును. న్యాయాధికారులు ఆ కోరికనే శిక్షగా వ్రాయుదురు. అది మొదలు 1863లో చనిపోవువరకు ఏబదియారేండ్లు నౌకనుండి నౌకకు మార్చుచు, అతని చెవిని దేశపు మాట పడనీయరు. చదువు పత్రికలలో ఆ ప్రస్తావన గల ముక్కలు కత్తిరించి ఇత్తురు.

జీవితమంతయు దస్త్రములతో గడపిన నావంటివానికి ఇందులో మొదట కనబడునది దస్త్రపు భాష. నౌకల పేర్లు, నోలన్ చనిపోయిన చోటికి అక్షాంశ రేఖాంశములు, పై కచేరీలో కాగితములు దొరకలేదను సాకు, ఇవన్నియు చూచి చాలమంది దీనిని నిజమనుకొన్నారు. అతడు చనిపోయినట్లు చెప్పిన ‘లెవంట్’ అను నౌక నిజమునకు 1860లోనే సముద్రమున గల్లంతైనది! ఇది కథకుని చమత్కారము, మెచ్చుకొనవలసినదే.

మెచ్చనిది వేరొకటి కలదు. పడమటివారు బర్ మాట ఎందుకు విన్నారో హేల్ చెప్పడు. అంతర్యుద్ధము సాగుచుండగా వ్రాసినవాడు గనుక, చీలువాని మనసులోని కారణము వెదకు ఓపిక అతనికి లేదు. కారణము నది. కొండల కావల స్థిరపడిన రైతు ధాన్యము తూర్పునకు మోయలేడు. మిసిసిపీ వెంట న్యూ ఆర్లియన్స్‌కు దింపవలసినదే. ఆ రేవు స్పెయిను చేతిలో ఉండెను. 1786లో జాన్ జే, స్పెయినుతో వర్తకపు లాభమునకై ఆ నదీమార్గపు హక్కును ఇరువదియైదేండ్లు వదలుకొందమన్నాడు. ఏడు ఉత్తర రాష్ట్రములు ఔనన్నవి. తొమ్మిది కావలసియుండగా అది ఆగినది. మరుసటి ఏడే విల్కిన్సన్ న్యూ ఆర్లియన్స్ పోయి స్పెయినుకు విధేయత ప్రకటించినాడు.

‘అట్లు జరిగియుండిన’ అను రచనలు ఆంగ్లమున కొల్లలు; 1931లో స్క్వయర్ కూర్చిన సంపుటమునకు చర్చిల్ సయితము ఒకటి వ్రాసినాడు. బర్ గెలిచియుండిన అని ఊహించువారికి నా మనవి యొక్కటి: సంవత్సరము మార్చుకొనవలెను. 1803లో లూసియానాను కొనుటతో నదియు రేవును అమెరికాకు వచ్చినవి. కడుపుమంట చల్లారినవాడు కత్తి పట్టడు. విల్కిన్సన్ నమ్మకముగా నిలిచినను బర్ వెనుక దేశము నడచియుండదు. ఇంకొక రెండు రాష్ట్రములు 1786లో ఔననియుండిన, పడమట వేరొక జెండా నిలిచియుండుననుట నమ్మదగిన ఊహ.

ఇంకొక సంగతి. నోలన్‌కు దేశపు పేరు కరవైనది గాని భాష కరవు కాలేదు. భోజనపు బల్లవద్ద, డెక్కుమీద, చుట్టూ అతని తల్లిభాషయే. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో తరతరములుగా ఉన్న మనకు సంగతి తలక్రిందులు. దేశము మనదే, దాని పేరు నిత్యము వినబడుచున్నది; మనుమడు బడినుండి వచ్చి అవ్వతో మాటాడు మాటలలో తెలుగే దినదినము తరుగుచున్నది. దానిని ఏ న్యాయస్థానమును కత్తిరించుట లేదు. ఈ లేమిని హేల్ ఊహింపలేకపోయినాడనుకొంటిని, ఒక్క ఘట్టము మరల చదువువరకు.

బానిసలను మోయు ఓడను పట్టుకొందురు. విడిపించిన ఆఫ్రికావారి మాట ఎవరికిని తెలియదు. వారిలో కొందరికి కొంచెము పోర్చుగీసు వచ్చును, నౌకలో అది నోలన్‌కు వచ్చును. మిమ్ములను ఫలాని రేవున దింపుదుమని అతనిచేత చెప్పించగా, వద్దు, మా ఊళ్ళకు, మా పిల్లలవద్దకు చేర్చుడని వారు మొరపెట్టుదురు. అటు వారిది కాని, ఇటు తనది కాని భాషలో విన్న ఆ మొరను నోలన్ గొంతు పూడుకొనిపోవుచుండగా తన భాషలోనికి మార్చి అధికారికి చెప్పును.