‘నో క్లీన్’ అను మాట ఎంతవరకు నిజము?

టంకణమనగా వెలిగారము. టంకము వేయుట అనగానే కరిగిన లోహమే మనస్సునకు తోచును గాని, ఆ లోహము అతుకుకొనుటకు త్రోవ చేయునది వెలిగారము. కంసాలి నగను కాచునపుడు అందలి రాగివలన ఏర్పడు ఆక్సైడు పొరను అది తనలో కరిగించుకొని, చల్లారిన పిదప గాజువలె గడ్డకట్టును. ఆ గాజును నగపై అట్లే వదలి కంసాలి ఊరకుండడు. పలుచని ఆమ్లములోనో చింతపండు పులుసులోనో ఉడికించి, కుంకుడు నురుగుతో తోమి, ఆ తరువాతనే నగను చేతికిచ్చును.

ఎలక్ట్రానిక్ పరికరముల కాలమున ఈ ద్రవకారికి ఫ్లక్స్ అను పేరు వాడుకకు వచ్చినది. కడుగుట మాత్రము ఇష్టమున్న చేయుపని అయినది. ఏలయన సీసాపై ‘నో క్లీన్’, అనగా కడుగనక్కరలేదు, అని అచ్చువేసియుండును. ఈ మాటలో నిజమెంత, పొరపాటెంత అనునది పరిశీలింపదగినది.

మొదట నిజమును ఒప్పుకొనవలెను. పైను చెట్ల బంకనుండి టర్పెంటైను తీయగా మిగులు రోజిన్ పెక్కు ఫ్లక్సులకు ఆధారము. అందు ముఖ్యమైనది ఎబియెటిక్ ఆమ్లము. కరిగియున్నపుడు అది ఆక్సైడును తినును. చల్లారి గట్టిపడినపుడు తడిని రానీయని పూతవలె నిలుచును. దీనికి తోడు ఎడిపిక్, సక్సినిక్ వంటి బలహీన ఆమ్లములు కొద్దిగా కలుపుదురు. ఫ్యాక్టరీలో పలక మొత్తము కొలిమిగుండా సాగి, నిర్ణీతమైన వేడిని నిర్ణీత కాలము పొందును. ఆ వేడికి ఈ ఆమ్లములలో అధికభాగము ఆవిరియగును, లేదా విచ్ఛిన్నమగును. మిగిలినది రోజిన్‌లో బందీయగును. అట్టి పలకను కడుగకున్నను సాధారణముగా హాని లేదు.

ఆ పేరు పుట్టుకకు మంచి కారణమే కలదు. ఒకప్పుడు ఫ్లక్స్ మడ్డిని సి.ఎఫ్.సి.-113 అను ద్రావణితో కడిగెడివారు. ఓజోను పొరను కాపాడుటకై 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరిన పిదప అది తొలగింపవలసిన పదార్థమైనది. కడుగుట మానగలిగిన ఫ్లక్సులకు ఆనాడు లభించిన ఆదరము ఆశ్చర్యకరము కాదు.

కాని ఫ్యాక్టరీ కొలిమికి చెల్లు మాట రిపేరు బల్లకు చెల్లునా? 2017 నవంబరు 28న హైదరాబాదు మెట్రో ప్రారంభోత్సవము జరిగిన మియాపూరునే తీసికొనుడు. ఒకవైపు రామచంద్రాపురపు బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, మరొకవైపు సాఫ్టువేరు కార్యాలయములు. నడుమ ఇండ్లనిండ ఇన్వర్టర్లు, ఫోనులు, రౌటర్లు. ఇట్టి పేటలో చెడిన పలక కొలిమికి తిరిగి పోదు, చేతి ఐరనుక్రిందికి వచ్చును. అతుకవలసినది ఆవగింజంత చోటు. పోసిన ఫ్లక్స్ దాని చుట్టును, చిప్పుల క్రిందికిని ప్రాకును. ఐరను మొనకు తగిలినంతమేరకే వేడి. తక్కినదంతయు పచ్చిగానే, ఆమ్లము చావకనే, పలకపై ఉండిపోవును. సీసాపై మాట ఈ పచ్చి ఫ్లక్సునుగూర్చి చెప్పినది కాదు. వాడువానికి ఆ భేదము తెలుపకపోవుట ఆ పేరులోని పెద్ద లోపము.

దీనికి చేయు వైద్యము ఒక్కొక్కప్పుడు రోగమును మించును. దూదికో పాత పళ్ళ బ్రష్షుకో ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది రుద్దుదురు. ఆల్కహాలు రోజిన్‌ను కరిగించును. అంతవరకు దానిలో బందీగానున్న ఆమ్లములు, లవణములు విడుదలయగును. ఆల్కహాలు ఎగిరిపోగా అవి పలక అంతట తెల్లని పొరగా పరచుకొనును. మురికి పోలేదు, చోటు మారినది! ఇట్టి అరకడుగుకంటె అసలు ముట్టకుండుటయే నయము.

మే నెల ఎండలో ఈ పలక చక్కగా పనిచేయును. జూలైలో ముసురు పట్టి గాలిలో తేమ పెరిగినపుడు, ఆ పొర నీటిని పీల్చి విద్యుద్విశ్లేష్యమగును. 0.2 మిల్లీమీటర్ల ఎడముగల రెండు తీగలమధ్య 5 వోల్టులున్నచో, మిల్లీమీటరుకు 25 వోల్టులన్నమాట. ధన ధ్రువమునుండి లోహము అయానులుగా కరిగి, ఋణ ధ్రువముపై పేరుకొనును. ఆరోగ్యకేంద్రములోని యంత్రమునకు ఇట్లు జరిగినచో అది తప్పుడు లెక్క చూపవచ్చును. ఇక పొడివేళ తీసి చూచినవానికి దోషమే కనబడకపోవచ్చును.

కొలతలును ఈ విషయమున చాలకాలము మోసపుచ్చినవి. ఆల్కహాలు, నీరు కలిపిన ద్రవముతో పలకను కడిగి, ఆ ద్రవపు వాహకతను ఉప్పు లెక్కలోనికి మార్చి, చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాములకు లోబడియున్న శుభ్రమనెడివారు. ఇది 1970ల నాటి రోజిన్ ఫ్లక్సులకు ఏర్పడిన అంకె. 2018లో, నాడు ఐ.పి.సి. అని పిలువబడుచుండిన పరిశ్రమల సంఘము, కేవలము ఈ అంకె ఆధారముగా శుభ్రతను నిర్ణయింపరాదని తన ప్రమాణమును సవరించినది. పలకనంతటిని సగటు చేసిన అంకెకు ఒక చిప్పు క్రింది మడ్డి కనబడదుగదా!

కడుగదలచినచో పూర్తిగా కడుగవలెను. బ్యాటరీ తీసి, నిప్పుకు దూరముగా పలకను ఏటవాలుగా పట్టి, కరిగినది పలక దిగి పోవునట్లు క్రొత్త ఆల్కహాలు పోయుచు, ఆరకముందే దూదితో ఎత్తివేయవలెను. పెద్ద కర్మాగారములలో క్షారము కలిపిన నీటితో రోజిన్‌ను సబ్బుగా మార్చి కడుగుటయు కలదు. నూనెకు బదులు రోజిన్. తక్కినది పాఠశాలలో చేయు సబ్బు ప్రయోగమే.

లోహము పేరుకొనుట విద్యార్థులు కన్నులార చూడవచ్చును. టంకము పూసిన రెండు రాగి పట్టీలను అర మిల్లీమీటరు ఎడముతో అమర్చి, వానిమధ్య స్వేదనజలపు చుక్క ఉంచి, నాలుగు టార్చి సెల్లులను మిల్లీఅమ్మీటరుగుండా కలుపవలెను. భూతద్దముతో చూచినచో, కొద్ది నిమిషములలో ఋణ పట్టీనుండి ఫెర్న్ ఆకువంటి లోహపు కొమ్మలు ఎదుటి పట్టీవైపు ప్రాకును. ఒక కొమ్మ ఆవలిగట్టు తాకగానే మీటరు ముల్లు ఎగురును.