మాలపల్లి నుంచి నీరుకొండ దాకా: తెలుగు సాహిత్యంలో ఆత్మరక్షణ ప్రశ్న

1. పరిచయం

ఈ పాఠంలో మీరు ఒక నవలను, ఒక కావ్యాన్ని, ఒక కవితను పక్కపక్కన పెట్టి చదువుతారు. అవి ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి' (1922), గుర్రం జాషువ 'గబ్బిలం' (1941), కలేకూరి ప్రసాద్ 'పిడికెడు ఆత్మగౌరవం కోసం'. ఈ మూడింటినీ కలిపే ప్రశ్న ఒకటి ఉంది. తన మీద దాడి జరుగుతున్నప్పుడు, కాపాడవలసిన వ్యవస్థ కాపాడనప్పుడు మనిషి ఏం చేయాలి?

ఈ ప్రశ్న మీకు దూరమైనది కాదు. మీరు తుళ్లూరు ప్రాంతం వారైతే మీ చుట్టుపక్కల ఏ గ్రామంలోనైనా 'ఊరు' ఒకచోట, 'పల్లె' ఒకచోట ఉండటం చూసే ఉంటారు. మిరపకోతకూ పత్తితీతకూ పల్లె నుంచి ఊరి పొలాలకు మనుషులు రోజూ వెళ్తారు, సాయంత్రం తిరిగి వస్తారు. కూలి, నీరు, దారి, సినిమా హాలు, పెళ్లి ఊరేగింపు వంటి మామూలు విషయాల దగ్గరే ఈ రెండింటి మధ్య తగాదా మొదలవుతుంది. ఉన్నవ పుట్టిన వేములూరుపాడు అప్పటి సత్తెనపల్లి తాలూకాలోది, అంటే ఈ గుంటూరు జిల్లాదే. ఆయన నవలలోని మంగళాపురం కల్పిత గ్రామమే అయినా, దాని మట్టి మీకు తెలిసిన మట్టే.

2. మాలపల్లిలో ఇద్దరు అన్నదమ్ములు

నవల కథను ఇక్కడ పూర్తిగా చెప్పడం లేదు. మన చర్చకు అవసరమైన మేరకు గుర్తు చేసుకుందాం. రామదాసు మాల కులస్థుడు, సాగు చేసుకునే రైతు, తత్త్వం తెలిసిన భక్తుడు. ఆయన పెద్దకొడుకు వెంకటదాసు, అతని తమ్ముడు సంగదాసు. సంగదాసు చౌదరయ్య అనే పెద్దరైతు దగ్గర పనిచేస్తాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడుతో అతనికి స్నేహం. కూలి విషయంలో రైతులకూ కూలీలకూ పట్టుదల పెరిగినప్పుడు సంగదాసు కూలీల పక్షాన నిలుస్తాడు. చివరికి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు.

తమ్ముడి చావు తరవాత వెంకటదాసు తక్కెళ్ల జగ్గడు అనే పేరుతో ధనవంతులను దోచి పేదలకు పంచే దళానికి నాయకుడవుతాడు. తరవాత పట్టుబడి జైలులో మరణిస్తాడు. రామదాసు కుటుంబం భూమినీ ఇంటినీ పోగొట్టుకుని చెల్లాచెదరవుతుంది.

ఈ నవలను ఎక్కువమంది గాంధేయ నవలగా చదివారు. ఆ చదువులో సంగదాసు అహింసకు ప్రతినిధి, వెంకటదాసు దారితప్పినవాడు, రామదాసు వాళ్లిద్దరినీ మించిన జ్ఞాని. పరీక్షలో ఇలా రాస్తే తప్పు కాదు. అయితే ఈ తీర్పు నవలకు పూర్తి న్యాయం చేయదని చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

3. ఆ తీర్పులో లోపం ఎక్కడ?

మొదటి విషయం: వెంకటదాసు చేసింది ఆత్మరక్షణ కాదు. దోపిడీ, పంపకం ఆర్థిక న్యాయానికి సంబంధించిన చర్యలు. ఆత్మరక్షణ అంటే మీద పడుతున్న దెబ్బను ఆ క్షణంలో ఆపడం. విమర్శకులు ఈ రెండింటినీ 'హింస' అనే ఒకే గంపలో వేశారు. అందువల్ల నవలలో ఉన్నవి రెండే దారులన్నట్టు కనిపిస్తుంది. ఒకటి మంచివాడిగా చావడం, రెండోది దొంగగా చావడం.

రెండో విషయం: నవల తన బలాన్నంతా దెబ్బకు ముందు సంగదాసు మంచితనం మీద, దెబ్బ తరవాత కుటుంబ దుఃఖం మీద పెట్టింది. దెబ్బ పడే క్షణం చాలా చిన్నది. చెయ్యి అడ్డుపెట్టే హక్కు సంగదాసుకు ఉందా అనే ప్రశ్న నవలలో ఎవరూ సూటిగా అడగరు. అది రచయిత పిరికితనమని అనుకోకండి. మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే ఆ నిషేధం తొలగింది. పుల్లరి సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లిన మనిషి ఆయన. సమస్య ధైర్యానిది కాదు, ఊహది. పల్లె తనంతట తాను నిలబడి, తన చావును తానే లెక్కకట్టి, తన కేసును తానే నడుపుకోగలదని 1922 నాటి ఆ సానుభూతి ఊహించలేదు. అందుకే సంగదాసు పేరు నిలబెట్టే పని చౌదరయ్య కొడుకు మీద పడింది.

మూడో విషయం: వెంకటదాసును శిక్షించినా నవల అతన్ని అసహ్యించుకోలేదు. అతని కోపానికి కారణం పాఠకుడికి పూర్తిగా అర్థమయ్యేలా ఉన్నవ రాశారు. గాంధేయ సిద్ధాంతం ఒకటి చెబుతుంటే కథ మరొకటి చెబుతుంది. ఈ పెనుగులాటే మాలపల్లి బలం. దాన్ని సమన్వయం చేసి చదివితే నవల చిన్నదైపోతుంది.

4. విన్నపం: గబ్బిలం

జాషువ కావ్యనాయకుడు తంజావూరులో ఉండే దళితుడు. గుడిలోకి వెళ్లే వీలు లేనివాడు కాబట్టి, గుడిలోకి స్వేచ్ఛగా వెళ్లగల గబ్బిలంతో కాశీలోని శివుడికి తన గోడు పంపుకుంటాడు. ఇక్కడ దారి విన్నపం. పై అధికారికి అర్జీ పెట్టుకున్నట్టే ఉంటుంది, కాకపోతే ఆ అధికారి దేవుడు.

ఈ కావ్యాన్ని ఆత్మరక్షణ ప్రశ్నతో చదివినప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. నాయకుడు తనకు న్యాయం చేయగల మనిషి ఎవరూ కనబడక గబ్బిలాన్ని ఆశ్రయించాడు. అంటే విన్నపం రూపంలో ఉన్న ఈ కావ్యం నిజానికి మనుషుల వ్యవస్థ మీద అవిశ్వాస తీర్మానం. కావ్యం వచ్చిన 27 ఏళ్లకు, 1968 డిసెంబరు 25న, అదే తంజావూరు జిల్లాలోని కీలవేణ్మణిలో 44 మంది దళితులు సజీవ దహనమయ్యారు. అక్కడా గొడవ కూలి దగ్గరే మొదలైంది.

5. నవల ఊహించలేనిది: కారంచేడు, చుండూరు

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ముందురోజు గొడవ తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. మంచినీటిని పాడు చేస్తున్నారని అభ్యంతరం చెప్పిన కుర్రవాణ్ణి కొట్టబోతే, నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. ఈ వివరాన్ని మాలపల్లితో పోల్చి చూడండి. నవలలో లేని క్షణం ఇదే. చేతిలో ఉన్న వస్తువుతో, మరొక మనిషిని కాపాడటానికి, అక్కడికక్కడే ఎత్తిన చెయ్యి అది.

తరవాత జరిగినది ఇంకా ముఖ్యం. బాధితులు చీరాలలో శిబిరం పెట్టుకుని ఉద్యమం నడిపారు. ఆ ఏడాదే దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావు దానికి నాయకత్వం వహించారు. బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలి ఉద్యమంలోకి వచ్చారు. ఇక్కడ సంగదాసూ లేడు, తక్కెళ్ల జగ్గడూ లేడు. శిబిరం, సభ, కోర్టు అనే మూడో దారి ఉంది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. అంతకుముందు సాంఘిక బహిష్కరణ నడిచింది. పోలీసులు ఊళ్లో ఉండగానే దాడి జరిగింది. పొలాల వెంట పరుగెత్తిన వాళ్లను తరిమి చంపారు. మృతులను ఊరి నడిమధ్య ఖననం చేసి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద చుండూరులోనే ప్రత్యేక కోర్టు నడిచింది. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, మరో 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఈ రెండు తీర్పుల మధ్య దూరాన్ని గుర్తుంచుకోండి. మూడో దారి కూడా సులువైనది కాదు.

6. చట్టం ఏమంటుంది?

సాహిత్య విద్యార్థికి చట్టం ఎందుకని మీరు అడగవచ్చు. 'హింస', 'ఆత్మరక్షణ' అనే మాటలను విమర్శలో ఎలా వాడాలో చట్టం కొంత నేర్పుతుంది కాబట్టి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు ఈ హక్కు గురించినవి. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అవి 34 నుంచి 44 వరకు ఉన్నాయి. తన శరీరాన్నే కాదు, మరొకరి శరీరాన్ని కాపాడటానికీ ఈ హక్కు వర్తిస్తుంది. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం వంటి ప్రమాదం ఎదురైతే ప్రతిఘటన దాడి చేసినవాడి ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చు. అయితే రెండు హద్దులున్నాయి. అవసరానికి మించి హాని చేయకూడదు. ప్రభుత్వాధికారుల రక్షణ పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు.

ఇప్పుడు ఆ రెండో హద్దును చుండూరు పక్కన పెట్టండి. అధికారి పక్కనే ఉన్నాడు, రక్షణ మాత్రం లేదు. చట్టం వ్యవధి గురించి మాట్లాడుతుంది, పల్లె నమ్మకం గురించి అడుగుతుంది. మన సాహిత్యం ఈ ఖాళీలోనే పుట్టింది.

చట్టానికి కూడా ఈ ఖాళీ కొంత తెలుసు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల ప్రకారం, దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్లో దళితులు, ఆదివాసులు కానివారి ఆయుధ లైసెన్సులను రద్దు చేయవచ్చు. అవసరమైతే దళితులకు, ఆదివాసులకు లైసెన్సులు ఇవ్వవచ్చు. ఆత్మరక్షణ అనే మాట వినగానే ఉలిక్కిపడేవాళ్లు ఈ నియమం ప్రభుత్వమే రాసిందని గమనించాలి.

7. జాతి, కులం: పోలిక ఎంతవరకు?

అమెరికాలో 1966లో ఓక్లాండ్ నగరంలో నల్లజాతి యువకులు పెట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ తన పేరులోనే ఆత్మరక్షణ అనే మాటను చేర్చుకుంది. 1972లో ముంబైలో పుట్టిన దళిత్ పాంథర్స్ ఆ పేరునే స్ఫూర్తిగా తీసుకుంది. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక సదస్సులో కులాన్ని కూడా చర్చించాలని దళిత సంఘాలు కోరాయి, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు.

పోలిక ఉపయోగపడేదే, కాని కులం జాతి కాదని అంబేద్కరే 1936లో వాదించారు. చౌదరయ్య, సంగదాసు ఒకే రంగువాళ్లు, ఒకే భాష మాట్లాడేవాళ్లు, ఒకే పొలంలో తిరిగేవాళ్లు. దాడి చేసేవాడు పరాయివాడు కాదు, రేపు మళ్లీ కూలికి పిలవవలసినవాడు. అందువల్ల ఇక్కడ ఆత్మరక్షణకు ఆయుధం కంటే ముందు కావలసింది బతుకుతెరువు. బహిష్కరణ పెడితే తిండి ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఎత్తిన చెయ్యి ఎక్కువసేపు నిలవదు.

8. సాక్ష్యం: పిడికెడు ఆత్మగౌరవం

కలేకూరి ప్రసాద్ కంచికచర్లలో పుట్టారు. 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి తగలబెట్టి చంపిన ఊరు అది. ఆయన కవితలో మాట్లాడేవాడు మళ్లీ మళ్లీ చంపబడి మళ్లీ మళ్లీ పుట్టినవాడు. కోటేశు పేరునే తన పేరుగా, కీలవేణ్మణి, కారంచేడు, నీరుకొండలను తన ఊళ్లుగా చెప్పుకుంటాడు. 1987లో దళితుల మీద దాడి జరిగిన నీరుకొండ తుళ్లూరుకు పొరుగు మండలం మంగళగిరిలోనే ఉంది. ఇప్పుడు అది రాజధాని ప్రాంతంలో ఒక గ్రామం.

ఈ కవితలో ఉన్నది విన్నపమూ కాదు, ప్రతీకారమూ కాదు. సాక్ష్యం. చంపినవాళ్లు ఊరి పేరును మరిచిపొమ్మంటే, చచ్చినవాడు ఆ ఊరినే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. సంగదాసు కోసం ఇతరులు మాట్లాడారు, కోటేశు ఇక్కడ తానే మాట్లాడాడు. 1922కూ ఈ కవితకూ మధ్య వచ్చిన అసలు మార్పు అదే. అయితే ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. కారంచేడులో బిందె ఎత్తింది స్త్రీ. కవితలో ప్రధానంగా వినిపించేది మగ గొంతు. ఆ లోటును తరవాతి దళిత స్త్రీల సాహిత్యం ఎత్తిచూపింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' అందుకు మీరు చదవదగ్గ సంకలనం.

9. సారాంశం

మాలపల్లిని అహింసకూ హింసకూ పోటీగా మాత్రమే చదివితే, ఆత్మరక్షణ అనే మధ్య నేల కనబడకుండా పోతుంది. గబ్బిలం విన్నపం రూపంలో వ్యవస్థ మీద అవిశ్వాసాన్ని ప్రకటించింది. కారంచేడు, చుండూరు ఉద్యమాలు మూడో దారిని చూపాయి. కలేకూరి కవిత ఆ దారికి గొంతు ఇచ్చింది. ఉన్నవ నవల దీనివల్ల తక్కువదైపోదు. అది అడగలేకపోయిన ప్రశ్న ఏదో తెలిసినప్పుడే దాని విలువను సరిగా కట్టగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వెంకటదాసు చర్యలను ఆత్మరక్షణ అనవచ్చా? కారణాలతో రాయండి.
2. 'గబ్బిలం విన్నపం మాత్రమే కాదు' అనే వ్యాఖ్యను చర్చించండి.
3. జాతివివక్షకూ కులవివక్షకూ మధ్య పోలికలు, తేడాలు రెండేసి చెప్పండి.
4. మీ గ్రామంలో ఊరికీ పల్లెకూ మధ్య నీరు, దారి, శ్మశానం ఎలా పంచుకుంటున్నారో గమనించి ఒక పేజీ రాయండి. ఎవరి పేర్లూ రాయవద్దు.