మోటారు నడిచింది, మరి మనిషి?

తెలుగు డిటెక్టివ్ నవల చాలాకాలం పట్నంలోనే కాపురముంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మద్రాసులో నేరస్తుల్ని వెంటాడుతుంటే, ఇక్కడి ఊళ్లలో ఆ పుస్తకాలు అద్దెకు తెచ్చుకుని మరీ చదివారు. చదివేవాళ్లు పల్లెల్లో ఉన్నా, హత్యలు ఎక్కువగా పట్నంలోనే జరిగేవి. ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదనే నేనంటాను.

పల్లె కథకు బలం ఎక్కడుందో బయటివాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. అగాథా క్రిస్టీ 1930 నాటి నవలలో మిస్ మార్పుల్ అనే పెద్దావిడ ఊరి మనుషుల తీరును గమనించే హంతకుడి ఆచూకీ తీస్తుంది. జపాన్‌లో యోకోమిజో సెయిషి 1946లో ఒకయామా పల్లెలో, పెళ్లిరాత్రి మూసిన గదిలో రెండు చావులు పెట్టాడు. బయటంతా మంచు, హంతకుడు వెళ్లిన అడుగుజాడ లేదు. ఈ రకం నవలకు ప్రాణం ఒక్క నియమం: డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారం పాఠకుడి కంటా పడాలి. 1929లో రోనాల్డ్ నాక్స్ రాసిన పది సూత్రాల్లో అదొకటి. మానవాతీత శక్తులను తేకూడదన్నది ఇంకొకటి.

ఇక మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి వద్దాం. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువుంది, సాగర్ రోడ్డు వెంట ప్లాట్లయిపోతున్న పొలాలున్నాయి. అన్నదమ్ముల మధ్య పగకు భూమి ధర చాలు. కథను 2018కి ముందు పెట్టండి. తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఆ ఏడాది జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు వంతులవారీగా వచ్చేది, రైతు అర్ధరాత్రి బోరు దగ్గరికి పోయేవాడు. హత్య జరిగిన రాత్రి తమ్ముడి మోటారు నడిచిన చప్పుడు పక్క చేనువాళ్లు విన్నారు. కాబట్టి అతను పొలంలోనే ఉన్నాడని ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అందులో ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తనే నడుస్తుంది! ఆ స్టార్టర్ డబ్బాను పాఠకుడు ముందే చూసి ఉంటాడు, పట్టించుకుని ఉండడు. లండన్ రచయితకు ఈ చిక్కుముడి తట్టదు, పొలం తెలిసినవాడికే తడుతుంది.

ఈమధ్య మన తెరమీద ఊరి హత్యలంటే చేతబడి వైపే మొగ్గు. 2023 నాటి 'విరూపాక్ష' భయపెట్టింది, నేనూ భయపడ్డాను. అయితే మంత్రమే చంపేస్తే పాఠకుడు తర్కించడానికేం మిగలదు. అంతకన్నా పెద్ద మాట: బాణామతి చేశారన్న అనుమానంతోనే మనుషుల్ని చంపిన ఘటనలు తెలంగాణలో జరిగాయి. చావుకు కారణముంటుందని, అనుమానం రుజువు కాదని రెండొందల పేజీల పొడవునా పాఠకుడి చేత ఆలోచింపజేసే నవల అలాంటి నేలకు అవసరం.

రంగారెడ్డి జిల్లాలో కలం పట్టిన యువ రచయితలు ఆ నవల రాయాలి. కానీ స్టార్టర్ డబ్బాను మాత్రం మొదటి అధ్యాయంలోనే చూపించండి.