తలవైపు గోడ మీద బొమ్మ ఎవరి కోసం?

హోటల్ గదిలో బొమ్మ ఎక్కడ ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మంచం తలవైపు గోడకి, దిండ్లకి పైన, సరిగ్గా మధ్యలో ఉంటుంది. మంచం మీద పడుకున్న మనిషికి అది కనబడదు. ఎదురుగా కనబడేది టీవీ. ఆ బొమ్మ వల్ల ఉపయోగం బుకింగ్ సైటులో పెట్టే ఫోటోకే. ఇంటీరియర్ డిజైన్ నా వృత్తి. చిన్న హోటళ్ళు కట్టేవాళ్ళు ఈ మధ్య తరచుగా అడుగుతున్నది "మోడర్న్ ఆర్ట్ థీమ్ కావాలి సార్" అని. నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న, మంచం ఎటు తిరిగి ఉంటుందని. పొద్దున కళ్ళు తెరవగానే అతిథికి ఏం కనబడాలో తేలాకే, ఏ బొమ్మ, ఎవరి బొమ్మ అన్న మాట ఎత్తుతాను.

వాళ్ళు ఫోన్లో చూపించే ఫోటోల్లో ఎక్కువగా కనబడేవి చిత్రకారుడు మాండ్రియన్ బొమ్మలు. నల్ల గీతల మధ్య ఎరుపు, పసుపు, నీలం గళ్ళు. వాటిని దుప్పటి మీద, అల్మరా తలుపు మీద, లిఫ్టు లోపల దించమంటారు. కానీ 1920ల చివర్లో ఆయన వేసిన బొమ్మలు చూడండి. చాలా భాగం తెలుపే. రంగు ఏ మూలకో, ఏ అంచుకో ఒదిగి ఉంటుంది. ఎడమ వైపుకీ కుడి వైపుకీ పోలిక ఉండదు, అయినా బొమ్మ ఎటూ ఒరగదు. పారిస్‌లో ఉన్న రోజుల్లో ఆయన తన స్టూడియో గోడలకి రంగు అట్టముక్కలు తగిలించి, చోటు మార్చి మార్చి చూసుకునేవాడు. తానుండే గదినే బొమ్మలా కూర్చుకున్న మనిషి. హోటల్ కట్టేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ కూర్పు. ఒక గోడని ధైర్యంగా ఖాళీగా వదిలేయడం, మంచాన్ని నడిమధ్య నుంచి పక్కకి జరపడం, రంగుని ఒక్క చోటే, అవసరమైన చోటే పెట్టడం. గళ్ళన్నీ రంగులతో నింపేస్తే అది మాండ్రియన్ అవదు.

ఈ పనిలో నేను గురువుగా తలచుకునేది ఇటలీ ఆర్కిటెక్ట్ జో పోంటిని. సొరెంటోలో సముద్రానికి ఎత్తుగా నిలిచిన కొండచరియ మీద ఆయన రూపుదిద్దిన పార్కో దెయ్ ప్రించిపి హోటల్‌ని 1962లో తెరిచారు. హోటల్ అంతటికీ రెండే రంగులు, నీలం, తెలుపు. కిటికీ తెరిస్తే నేపుల్స్ అఖాతం ఉంది కదా, ఆ నీలమే గదిలోకి వచ్చింది. నేల కోసం ఆయన 30 రకాల సెరామిక్ టైల్స్ గీశాడు. వాటిని రకరకాలుగా కలిపి, వంద గదుల్లో ఏ గది నేలా మరో గది నేలలా లేకుండా చేశాడు.

ఇందులో ఉన్న తెలివి టైల్స్ వేసే మేస్త్రీకి చెప్తే వెంటనే అర్థమవుతుంది. నాలుగు వైపుల నుంచీ ఒకేలా కనబడని డిజైన్ ఉన్న టైల్‌ని నాలుగు దిక్కులకి తిప్పి వేయవచ్చు. అలాంటివి నాలుగు పక్కపక్కన చతురస్రంగా పెడితే, ఆ నాలుగింటి నుంచే 256 కూర్పులు వస్తాయి. టైల్ ఒకటే, అచ్చు ఒకటే, ఖర్చు పెరగదు. పెరిగేది మేస్త్రీ పక్కన నిలబడి ప్రతి గదికీ లేఅవుట్ గీసి ఇచ్చే ఓపిక. ఆధునిక కళ మనకిచ్చిన గొప్ప పాఠాల్లో ఇదొకటని నా నమ్మకం: కొద్ది ముక్కలతో, కొద్ది రంగులతో, లెక్కతో, అంతులేని వైవిధ్యం. సొరెంటోలో ఆ పాఠం గోడకి వేలాడలేదు, అతిథి పాదాల కింద ఉంది. చెప్పులు విప్పి నడిచేచోట కళని పెట్టిన మనిషికి అతిథి అంటే ఎవరో తెలుసు.

రెండో పాఠం జపాన్‌లోని నవోషిమా దీవి నుంచి. ఆ దీవి ఉత్తరాన 1917 నుంచి రాగి శుద్ధి చేసే ఫ్యాక్టరీ ఉంది. దక్షిణాన సముద్రం వైపు తడావో ఆండో కట్టిన బెనెస్సె హౌస్ 1992లో మొదలైంది. మ్యూజియమూ అదే, హోటలూ అదే. గదుల్లో టీవీ లేదు. బయటి సందర్శకులు వెళ్ళిపోయాక కూడా బస చేసినవాళ్ళు రాత్రి పూట బొమ్మల మధ్య తిరగవచ్చు. నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే పెద్ద విషయం వేరే. చాలామంది కళాకారుల్ని దీవికి పిలిచి, చోటు చూసుకోనిచ్చి, ఆ చోటు కోసమే పని చేయించారు. యోషిహిరో సుడా చెక్కతో కలుపుమొక్కలు చెక్కి రంగువేసి, కాంక్రీటు గోడ సందులో మొలిచినట్టు అమర్చాడు. గమనించని వాళ్ళు దాటిపోతారు. హిరోషి సుగిమోటో తీసిన సముద్రాల ఫోటోలు ఆరుబయట, ఎండకీ గాలికీ వదిలేసి ఉన్నాయి. కాగితం మీది పనికి 50 లక్స్‌కి మించి వెలుతురు పడనివ్వకూడదనేది మ్యూజియంల నియమం. ఆ నియమాన్ని ఇక్కడ తెలిసే, కావాలనే పక్కన పెట్టారు. కాలం ఫోటోని మార్చడం కూడా ఆ పనిలో భాగమే.

యాయోయి కుసామా చేసిన పసుపుపచ్చ గుమ్మడికాయ 1994 నుంచి అక్కడి చిన్న జెట్టీ చివర కూర్చుంది. 2021 ఆగస్టులో తుపాను దాన్ని ఊడబెరికి సముద్రంలో పడేసింది. మళ్ళీ చేయించి 2022 అక్టోబరులో అదే చోట పెట్టారు. సముద్రం పక్కన పెడితే సముద్రం వస్తుందని తెలిసీ అక్కడే పెట్టడం నాకు నచ్చింది.

మన దగ్గర సుగిమోటో ప్రయోగం చేయమని ఎవరికీ చెప్పను. ఇక్కడి బాధలు వేరు. పడమటి కిటికీకి ఎదురుగా వేలాడదీసిన ప్రింటు రెండు వేసవులకే వెలిసిపోతుంది. బాత్‌రూం గోడకి అవతలి వైపు తగిలిస్తే వెనక నుంచి చెమ్మ పడుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో అయితే ఉప్పుగాలికి ఫ్రేము మేకులు తుప్పు పడతాయి. తడిగుడ్డతో కాన్వాస్ తుడిచే కుర్రాణ్ణి తప్పుపట్టలేం, వద్దని ఎవరూ చెప్పి ఉండరు. బొమ్మల హోటల్ అంటే హౌస్‌కీపింగ్ వాళ్ళకి ఒక పూట శిక్షణ ఇవ్వడం కూడా డిజైన్‌లో భాగమే.

బొమ్మకి చోటు కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి మార్క్ రోత్కో చాలు. న్యూయార్క్ సీగ్రమ్ బిల్డింగ్‌లోని ఫోర్ సీజన్స్ రెస్టారెంటు కోసం 1958లో ఆయన పెద్ద బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నాడు. ముదురు మెరూన్, నలుపు, గుండె బరువెక్కే రంగులు. తరువాత అక్కడ ఒకసారి భోజనం చేసి, ఈ చోట తన బొమ్మలు ఉండటానికి వీల్లేదని అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు. వాటిలో తొమ్మిది లండన్‌లోని టేట్ గ్యాలరీకి చేరాయి. రోత్కో తప్పు చేశాడని నేను అనను. కొన్ని బొమ్మలు మౌనాన్ని అడుగుతాయి, గరిటెల చప్పుడు మధ్య బతకలేవు. లాబీకి ఏది, గదికి ఏది, ఎక్కడ ఏదీ వద్దు అన్నది తేల్చడం మా వృత్తిలో కష్టమైన భాగం. ఢిల్లీ ఐటీసీ మౌర్య లాబీ కప్పు మీద కృషన్ ఖన్నా వేసిన కుడ్యచిత్రం ఆ చోటికి అతికింది, ఎందుకంటే ఆ కప్పు కోసమే పుట్టింది.

డబ్బు లేదనే మాట వింటుంటాను. 1984లో న్యూయార్క్‌లో మోర్గన్స్ హోటల్‌కి డిజైన్ చేసిన ఆంద్రే పుట్మాన్ చేతిలోనూ పెద్ద బడ్జెట్ లేదు. బాత్‌రూంలకి మామూలు నలుపు తెలుపు టైల్స్ తీసుకుని చదరంగపు గళ్ళలా వేయించింది. ఆ హోటల్‌కి గుర్తుగా నిలిచిపోయింది అదే. మనకి తాండూరు బండ ఉంది, నీలం ఛాయలో ఒకటి, పసుపు ఛాయలో ఒకటి. ఈ రెంటితోనే పోంటి చేసినట్టు గదికో నేల పరచవచ్చు. నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఎచింగులతో పాటు టెర్రకోటలో, కంచులో కూడా ఎంత పని చేశాడో చూసినవాళ్ళెవరూ ఇక్కడ కళాకారులు లేరనరు. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ మట్టి, లోహం, రంగు తెలిసిన పిల్లలు చదువుకుంటున్నారు.

మరో మాట కటువుగానే చెప్పాలి. పేరున్న చిత్రకారుల బొమ్మల్ని నెట్‌లోంచి దించి, ఫ్లెక్సీ షాపులో కాన్వాస్ మీద ప్రింటు తీసి గదుల్లో పెట్టడం దొంగతనం. మన చట్టం ప్రకారం చిత్రకారుడు బతికున్నంత కాలమూ, ఆ తరువాత 60 ఏళ్ళూ కాపీరైటు ఉంటుంది. అసలు బొమ్మని డబ్బు పెట్టి కొన్నా, దాని నకళ్ళు తీసుకునే హక్కు దానితో రాదు.

అందుకే హోటల్ కట్టాలనుకునేవారికి నా విన్నపం ఇది. గదులన్నీ పూర్తయ్యాక బొమ్మల కోసం గ్యాలరీకి వెళ్ళకండి. ప్లాన్ గీయించే రోజునే ఆర్కిటెక్ట్ పక్కన ఒక కళాకారుణ్ణో, కళాకారిణినో కూర్చోబెట్టండి. ఖాళీ స్థలానికి తీసుకెళ్ళండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వాళ్ళ ఫీజుని అలంకరణ ఖర్చులో చివరి వరసలో వేయకుండా, సిమెంటు, స్టీలు లెక్క వేసే చోటే రాసుకోండి.