చస్తే చెప్పను

ఓ చివరి మలుపా, నిన్ను స్తుతించడం కష్టం. ఏ దేవుణ్ణి పొగిడినా రూపం చెప్పొచ్చు, గుణం చెప్పొచ్చు, ఆఖర్న ఫలశ్రుతి చదువుకుని లేవొచ్చు. నీ రూపం చెప్పానా, విన్నవాడికి ఇక నువ్వు లేనట్టే. గర్భగుడి తలుపు తీసి చూపించే వీలు లేని దేవతవు. అందుకే ప్రదక్షిణలతో సరిపెడతాను. గుడి పేరు మాత్రం చెబుతాను: 'సైకో'. 1960. హిచ్‌కాక్ కట్టించింది. నలుపూ తెలుపే.

నేను నీ గడప తొక్కింది హాస్టల్ గదిలో. బయట వాన, లోపల అద్దెకు తెచ్చిన సీడీ, చిన్న కంప్యూటర్ తెర ముందు ఆరుగురం. శుక్రవారం, డిసెంబర్ 11, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెర మీద పడింది. ఇంత కచ్చితంగా టైము చెప్పేవాడు మాయ చేస్తాడని ఎవరనుకుంటారు? ఫీనిక్స్ నగరం, కాస్త తెరిచిన కిటికీ, అందులోంచి దొంగలా లోపలికి దూరిన కెమెరా. 40,000 డాలర్లు పట్టుకుని కారెక్కి పారిపోయిన మారియన్. మా కళ్లన్నీ ఆ డబ్బు కవరుకే అతుక్కున్నాయి. నువ్వు నవ్వుకునే ఉంటావు. గారడీవాడి ఎడమచేతిలో డమరుకం మోగుతుంటే కుడిచేతిని ఎవడు చూశాడు?

జోరువాన. అద్దం మీద ఆగని వైపర్లు. దారి పక్కన మోటెల్, 12 గదులు, 12 ఖాళీ. గోడ మీద రెక్కలు చాచిన గుడ్లగూబ, లోపలంతా పీచు కుక్కినది. ఎదురుగా కూర్చున్న మారియన్ ఇంటిపేరు క్రేన్, అంటే కొంగ. ఆమెకి సాండ్‌విచ్చీ పాలూ తెచ్చిపెట్టి తడబడుతూ మాట కలిపిన కుర్రాడు. ఎంత మర్యాదస్థుడు! మా గదిలో వాడంటే ఇష్టపడనివాడు లేడు.

నీ దేహమంతా బూటకమే, ఒప్పుకో. నీ నెత్తురు చాక్లెట్ పాకం. నీ కత్తిపోటు చప్పుడు ఖర్బూజలాంటి పండులో దిగిన కత్తిది. స్నానాలగదిలో నీ తాండవం ముక్కాలు నిమిషం, దానికి షూటింగ్ ఏడు రోజులు. అక్కడ సంగీతం వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా కట్టుకొచ్చాడు. డప్పు లేదు, బూర లేదు, ఉత్త తీగల వాయిద్యాలు. ఆ కీచుమనే స్వరం విన్నాక దర్శకుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. మంచిపని చేశాడు. మా పక్కగదివాడు కూడా లేచి వచ్చాడు.

ఆ గదిని అందరూ తలుచుకుంటారు. నేను మొక్కేది ఆ తర్వాతి ఘట్టానికి. కుర్రాడు బాత్రూమ్ కడుగుతాడు. బకెట్, తుడుపుకర్ర, నీళ్లు. మాట లేదు, తొందర లేదు. శవాన్నీ సామాన్నీ, లోపల డబ్బుందని తెలియక ఓ న్యూస్‌పేపర్నీ కారు డిక్కీలో పడేసి ఊబిలోకి తోస్తాడు. కారు దిగుతుంది, దిగుతుంది, సగంలో ఆగిపోతుంది. కుర్రాడు బిక్కచచ్చి చూస్తాడు. మా గదిలో ఎవడో "మునుగు, మునుగు" అన్నాడు. ఆ ఎవడో నేనే. ముప్పావుగంట పాటు ఏ పిల్ల క్షేమంగా గట్టెక్కాలని కోరుకున్నానో, ఆ పిల్ల ఆనవాలు కూడా మిగలకూడదని ఊపిరి బిగబట్టాను. మలుపా, నువ్వు తెర మీద తిరగడానికి చాలా ముందే నాలో తిరిగావు. నాకే చెప్పలేదు.

ఇంక పావుగంటో ఇరవై నిమిషాలో ఉందనగా కరెంటు పోయింది.

చీకట్లో ఐదుగురం ఐదు కథలు అల్లాం. ఆరోవాడు ఆ సినిమా ముందే చూశాడు. అడిగాం, బతిమాలాం, టీ అన్నాం, బజ్జీలన్నాం, మెస్ బిల్లు కడతామన్నాం. "చస్తే చెప్పనురా" అన్నాడు. గంటసేపు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నోట్లో బెల్లంముక్క పెట్టుకుని చప్పరించనివాడి అవస్థ అది. నీకు పూజారంటూ ఉంటే వాడే.

హిచ్‌కాక్ ఇదే వ్రతాన్ని ఊళ్లకు ఊళ్ల చేత పట్టించాడు. రాబర్ట్ బ్లాక్ నవల హక్కుల్ని తన పేరు బయటపడకుండా 9,000 డాలర్లకు కొన్నాడు. సెట్‌లో ఆ కుర్రాడి తల్లి పాత్రకని 'మిసెస్ బేట్స్' అని వీపున రాసిన కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ సంగతి ఇంతకు మించి చెప్పను. ఆట మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వలేదు. టార్చిలైటు వెనకాల అందరి కాళ్లూ తొక్కుకుంటూ వచ్చి కూర్చునే మనకిది వింతే. చూసినవాళ్లు ముగింపు చెప్పొద్దని వేడుకున్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కవాడి ఆనందం కోసం నోరు కట్టుకున్నారు.

కరెంటొచ్చింది. నువ్వూ వచ్చావు. అంతే చెబుతాను. నీ వెనకే ఓ డాక్టరొచ్చి అంతా విడమరిచాడు. పొడుపుకథ విప్పాక టీకాతాత్పర్యం దేనికో! ఆఖర్న ఆ చిరునవ్వు చూసి క్షమించేశాను.

మర్నాడు మళ్లీ వేసుకున్నాం. నువ్వు మెలికల ముగ్గువి. చుక్కలన్నీ వాకిట్లో పట్టపగలే పెట్టావు. తామరపువ్వనుకుని చూస్తున్నది ఆఖరి గీతతో పామై పడగెత్తింది. గుడ్లగూబ, పాలగ్లాసు, కొండమీది ఇంటి కిటికీ, ఏదీ దాచలేదు. 1998లో గస్ వాన్ శాంట్ దాన్నే ఇంచుమించు షాట్‌కి షాట్ రంగుల్లో తీశాడు. అవే చుక్కలు, అవే గీతలు. నువ్వు రాలేదు.

ఎప్పుడెక్కడ వస్తావో నీ ఇష్టం. 2018లో ప్రశాంత్ వర్మ 'అ!'లో వచ్చావు. రవితేజ గొంతుతో బోన్సాయ్ మొక్క, నాని గొంతుతో చేప మాట్లాడుతుంటే పగలబడి నవ్వాను. అవెందుకు మాట్లాడాయో చివర్లో తెలిశాక, నవ్వినందుకు సిగ్గేసింది.

పోయిన వేసవిలో మా అన్నయ్య కూతురు 'సైకో' పెట్టమంది. పాత సినిమా, బోరు కొడితే ఆపేస్తానని ముందే షరతు. ఊబిలో కారు ఆగినప్పుడు దాని పెదాలు కదిలాయి. ఏమన్నదో నేను అడగలేదు. కాసేపాగి "బాబాయ్, నీకు తెలుసుగా, చెప్పొచ్చుగా" అంది. నోట్లో బెల్లంముక్క. తెర మీద మారియన్ చెల్లెలు నేలమాళిగ మెట్లు దిగుతోంది. నేను తెర వైపు చూడటం లేదు. దాని చేతిలో వేరుశెనగ గింజ నోటిదాకా వెళ్లి, ఆగిపోయింది.